తక్కువ ఖర్చుతో స్కేల్ మోడల్ కార్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

స్కేల్ మోడల్ కార్ల మీద ఆసక్తి ఉన్నా ఖర్చుకు భయపడి వెనకాడుతున్నవారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. ఏళ్ల తరబడి కిట్లు (విడి ప్లాస్టిక్ భాగాలుగా వచ్చే మోడళ్లు) కడుతూ, చిన్న డైకాస్ట్ కార్లు (లోహాన్ని అచ్చులో పోసి చేసి, సిద్ధంగా అమ్మేవి) పోగుచేస్తూ నేర్చుకున్నదే ఇందులో ఉంది. ఈ అభిరుచిలో డబ్బు ఎక్కువగా పోయేది కట్టిన కార్ల మీద కాదు, కొని అటకెక్కించిన కార్ల మీద. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క గమనికే.

స్కేల్ అంటే ఏమిటి? దేనితో మొదలుపెట్టాలి?

1:24 అంటే అసలు కారు మీద 24 సెంటీమీటర్లుండే కొలత మోడల్ మీద ఒక సెంటీమీటరు అవుతుందని అర్థం. నాలుగున్నర మీటర్ల పొడవున్న కారు 1:18లో 25 సెంటీమీటర్లు, 1:24లో దాదాపు 19, 1:43లో పదిన్నర, 1:64లో 7 సెంటీమీటర్లు ఉంటుంది. ఈ లెక్క చిన్నదే అయినా కొనేముందు తప్పకుండా వేసుకోవాలి, ఎందుకంటే 1:18 కారు ఒక్కటి ఆక్రమించే చోటులో 1:64 కార్లు తొమ్మిది సర్దవచ్చు. అల్మరా ఖర్చు కూడా సేకరణ ఖర్చులో భాగమే.

ఈ కొలతలు ఊరికే పుట్టినవి కావు. బొమ్మ రైళ్లలో ‘ఓ’ (O) గేజ్ అనే కొలత ఉంది, బ్రిటన్‌లో దానికి అడుగుకు 7 మిల్లీమీటర్ల చొప్పున లెక్క కట్టేవారు. ఆ రైళ్ల పక్కన పెట్టుకోవడానికి చేసిన కార్ల నుంచే 1:43 వచ్చింది. అమెరికాలో కార్ల షోరూములకోసం తయారుచేసిన ప్రచార నమూనాల కొలతే 1:25, అందుకే ఏఎంటీ వంటి అమెరికన్ సంస్థల కిట్లు ఎక్కువగా 1:25లో ఉంటాయి. టమియా, ఫుజిమి, అయోషిమా వంటి జపాన్ సంస్థలు ఎక్కువగా 1:24లో చేస్తాయి.

కిట్లు కట్టాలనుకునేవారికి 1:24 లేదా 1:25, కేవలం సేకరించాలనుకునేవారికి 1:64 సరైన ఆరంభమని నా అభిప్రాయం. ఏదైనా ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడి ఉండండి. ఒకే కొలతలో పనిచేస్తే ఒక కిట్‌లో మిగిలిన చక్రాలు, సీట్లు, డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే స్టిక్కర్లు) మరో కిట్‌కు పనికొస్తాయి. నాలుగైదు కార్లు కట్టేసరికి మిగులు భాగాల డబ్బా ఒకటి తయారవుతుంది, అది మీ దగ్గరున్న వస్తువుల్లో అన్నిటికంటే విలువైనది అవుతుంది.

కిట్ కట్టడం చౌకా, డైకాస్ట్ కొనడం చౌకా?

కారు ధరను బట్టి చూస్తే 1:64 డైకాస్ట్ చౌక. గడిపే సమయాన్ని బట్టి చూస్తే కిట్ చౌక. డైకాస్ట్ కారు కొన్న సంతోషం ఆ సాయంత్రానికి తీరిపోయి మర్నాడు ఇంకోటి కావాలనిపించవచ్చు, కానీ ఒక కిట్ శ్రద్ధగా కడితే నెల రోజులు చేతినిండా పని ఉంటుంది. అయితే మొదటి కిట్‌తోపాటు జిగురు, రంగులు, పనిముట్లు కూడా కొనాలి కాబట్టి అది ఖరీదుగా కనిపిస్తుంది. ఆ ఖర్చు తరువాతి నాలుగైదు కిట్ల మీద పంచుకుపోతుంది.

మొదటి కిట్ ఎలా ఎంచుకోవాలి?

ఇంజిన్ లేకుండా, బానెట్ తెరుచుకోకుండా వచ్చే కిట్లను కర్బ్‌సైడ్ కిట్లు అంటారు. భాగాలు తక్కువ, బయటికి కనిపించే రూపం మాత్రం పూర్తిగా ఉంటుంది. మొదటిసారి కట్టేవారు వీటిలో ఒకటి తీసుకుంటే మధ్యలో ఆగిపోయే ప్రమాదం తగ్గుతుంది. జిగురు లేకుండా నొక్కితే అతుక్కునే స్నాప్ కిట్లు కూడా మంచివే. రంగు బాగా వేస్తే అవి తక్కువగా ఏమీ కనిపించవు.

పెట్టె కొత్తదైనంత మాత్రాన అచ్చు కొత్తది అనుకోకూడదు. దశాబ్దాల కిందటి అచ్చులతోనే భాగాలు పోసి, కొత్త బొమ్మ ఉన్న పెట్టెలో పెట్టి మళ్లీ విడుదల చేయడం కిట్ల తయారీలో మామూలే. పాత అచ్చు కిట్ చౌకగా దొరకవచ్చు, కానీ అంచుల్లో పొంగిన పలచని ప్లాస్టిక్ రేకు, సరిగా కూర్చోని భాగాలు, వంకర తిరిగిన ఛాసిస్ వంటి ఇబ్బందులు ఉంటాయి. అవి మూడో కిట్‌కో నాలుగో కిట్‌కో మంచి శిక్షణ ఇస్తాయి గాని మొదటి కిట్‌లో మనసు విరిచేస్తాయి.

బాడీ ప్లాస్టిక్ రంగు కూడా చూసుకోండి. ఎర్రటి ప్లాస్టిక్ మీద తెల్ల రంగు వేస్తే కొన్నాళ్లకు కింది ఎరుపు పైకి ఊరి గులాబీ ఛాయ కనిపించవచ్చు. అటువంటప్పుడు ముందుగా ఒక పూత వెండి రంగు వేస్తే ఎరుపు చాలావరకు ఆగిపోతుంది.

ఏయే పనిముట్లు తప్పనిసరి?

భాగాలను అవి అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి కత్తిరించడానికి సన్న మొన కట్టర్, బ్లేడు మార్చుకోగల చిన్న కత్తి, ఒక పట్టకారు, 400 నుంచి 2000 వరకు నంబర్ల ఉప్పుకాగితం, మంచి మాస్కింగ్ టేపు ఉంటే చాలు. అతికిన భాగాలను పట్టి ఉంచడానికి బట్టల క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు సరిపోతాయి. రంగు వేసేటప్పుడు బాడీని నిలబెట్టడానికి ఇసుక నింపిన సీసా మూతికి వంచిన తీగ కడితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఉప్పుకాగితాన్ని ఐస్‌క్రీం పుల్లలకు అంటించుకుంటే దుకాణంలో అమ్మే సాండింగ్ స్టిక్స్ అవసరం లేదు.

ఒక్క కట్టర్ విషయంలో మాత్రం పొదుపు చేయవద్దు. మొద్దుబారిన కట్టర్ ప్లాస్టిక్‌ను తెంపదు, నలుపుతుంది. నలిగిన చోట తెల్లటి మచ్చ లోపలికంటా దిగి, ఎంత రుద్దినా పోదు.

ఏ జిగురు వాడాలి?

పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన కిట్లకు ద్రవ రూపంలో ఉండే ప్లాస్టిక్ సిమెంట్ మంచిది. ఇది అంటించదు, రెండు ముక్కల అంచులను కొద్దిగా కరిగించి ఒకటి చేస్తుంది. అందుకే రెండు భాగాలను ముందు కలిపి పట్టుకుని, అతుకు వెంట కుంచె తాకిస్తే చాలు, ద్రవం తనంతట తానే సందులోకి పాకుతుంది. రంగు వేసిన చోట, క్రోమ్ పూత ఉన్న చోట ఇది పనిచేయదు కాబట్టి అక్కడ ముందుగా గీకి ప్లాస్టిక్‌ను బయటపెట్టాలి.

కిటికీ అద్దాలకు సూపర్ గ్లూ ఎప్పుడూ వాడకండి. దాని ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లటి పొగలా పేరుకుంటుంది. చెక్కకు, కాగితానికి వాడే తెల్ల జిగురు ఆరాక పారదర్శకమవుతుంది, పొరపాటున అంటుకున్నా తడి గుడ్డతో తుడవవచ్చు.

చట్రం ముక్కలను పారేయకండి. వాటిని చిన్నగా తరిగి ఒక సీసాలో ప్లాస్టిక్ సిమెంట్ పోసి నానబెడితే రెండు రోజుల్లో చిక్కని ముద్ద తయారవుతుంది. సందులు పూడ్చడానికి అంతకంటే మంచి పుట్టీ లేదు, ఎందుకంటే అది ఆరాక కిట్ ప్లాస్టిక్కే అవుతుంది. అదే చట్రం పుల్లను కొవ్వొత్తి మంట మీద కాస్త ఎత్తున వేడిచేసి, మెత్తబడగానే పక్కకు తీసి రెండు వైపులా లాగితే వెంట్రుకంత సన్నటి తీగ వస్తుంది. రేడియో యాంటెన్నాకు అది సరిగ్గా సరిపోతుంది.

రంగు నున్నగా రావాలంటే ఏం చేయాలి?

నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. కారు మోడల్‌లో చూసేవారి కన్ను ముందుగా పడేది బాడీ మెరుపు మీద, అది కుదిరితే లోపల సీట్లు ఎలా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. అందుకే ఈ జవాబు పొడుగైంది.

మొదటి పని కడగడం. అచ్చు నుంచి భాగాలు ఊడిరావడానికి కర్మాగారంలో పూసిన జిడ్డు ప్లాస్టిక్ మీద మిగిలి ఉండవచ్చు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం కలిపి, పాత టూత్‌బ్రష్‌తో తోమి ఆరబెట్టండి. తరువాత అచ్చు రెండు పలకలు కలిసిన చోట బాడీ మీద ఏర్పడిన సన్నటి గీతలను వెతికి రుద్దేయాలి. అవి చాలావరకు ఫెండర్ల పైనా, పైకప్పు అంచుల్లోనూ ఉంటాయి. తలుపుల గాళ్లు లోతు తక్కువగా ఉంటే రంగు పొరలు వాటిని పూడ్చేస్తాయి, కాబట్టి ఇప్పుడే బ్లేడు వీపు భాగంతో నెమ్మదిగా గీసి లోతు చేసుకోవాలి.

ఆ తరువాత ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత. ప్రైమర్ వేస్తే రంగు పట్టు దొరుకుతుందని అందరికీ తెలుసు, కానీ దాని అసలు ఉపయోగం వేరు. ఒకే బూడిద రంగులోకి వచ్చిన బాడీ మీద అంతవరకు కనిపించని గీతలు, గుంటలు బయటపడతాయి.

స్ప్రే డబ్బాను బాడీకి 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. స్ప్రే బాడీకి అవతల మొదలై బాడీని దాటాక ఆగాలి. కారు మీద మొదలుపెట్టి కారు మీదే ఆపితే ఆ రెండు చోట్ల రంగు కారుతుంది. మొదటి రెండు పూతలు కింది బూడిద రంగు కనిపించేంత పలచగా ఉండాలి, మూడో పూత మాత్రమే తడిగా వేయాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున లాకర్ అనే త్వరగా ఆరే రంగు మీద తెల్లటి మసక కమ్ముతుంది, కాబట్టి వానపడే రోజున ఆ పని పెట్టుకోకండి. గది తలుపులు కిటికీలు తెరిచి, ఆవిరిని ఆపే ఫిల్టర్ ఉన్న మాస్కు పెట్టుకుని మాత్రమే స్ప్రే చేయాలి. గుడ్డ మాస్కు ఈ ఆవిరిని ఆపదు.

ఇక రంగుల జాతుల సంగతి. లాకర్ మీద ఎనామెల్ (నెమ్మదిగా ఆరే నూనె రంగు) వేయవచ్చు, ఎనామెల్ మీద లాకర్ వేయకూడదు. లాకర్‌లోని థిన్నర్ బలమైనది, అది కింద ఉన్న ఎనామెల్‌ను ఉబ్బిస్తుంది. నా రెండో కిట్‌కు ముదురు ఎరుపు ఎనామెల్ వేసి, రెండు రోజులు ఆరబెట్టి, వేలు ఆనించి చూసి ఆరిందనుకుని పైన లాకర్ క్లియర్ (రంగులేని మెరుపు పూత) కొట్టాను. నిమిషం కూడా గడవకముందే పైకప్పు అంచున ఒక చిన్న ముడత లేచి, నేను చూస్తుండగానే బానెట్ దాకా పాకి, బాడీ అంతా ఎండిన చెరువు అడుగులా బీటలు వారింది. ఆ రోజు నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. ఏ కొత్త రంగైనా ముందుగా ప్లాస్టిక్ చెంచా వీపు మీద వేస్తాను, ఎందుకంటే ఆ వంపు బానెట్ వంపులాగే ఉంటుంది. ఏ ప్రైమర్, ఏ రంగు, ఏ క్లియర్, మధ్యలో ఎన్ని గంటలు అన్నది చెంచా కాడ మీద రాసి పెట్టుకుంటాను. ఒక్కో చెంచా ఒక్కో బాడీని కాపాడింది.

రంగు ఆరిందో లేదో వేలితో కాదు, ముక్కుతో తెలుసుకోవాలి. దగ్గరికి తెచ్చి వాసన చూస్తే థిన్నర్ వాసన ఏమాత్రం తగిలినా ఇంకా ఆరలేదన్న మాటే. పూర్తిగా ఆరాక 2000 నంబరు ఉప్పుకాగితాన్ని నీటిలో తడిపి తేలికగా రుద్ది పాలిష్ చేస్తే అద్దంలా మెరుస్తుంది. అంచుల మీద రంగు పొర పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ రుద్దకండి.

ఎయిర్ బ్రష్ లేకుండా కుదరదా?

కుదురుతుంది. గాలి ఒత్తిడితో రంగు చిమ్మే ఎయిర్ బ్రష్, దాని కంప్రెసర్ కలిపి పెట్టే డబ్బుతో ఎన్నో కిట్లు వస్తాయి. బాడీకి స్ప్రే డబ్బా, లోపలి భాగాలకు కుంచె, అక్రిలిక్ రంగు సరిపోతాయి. పది కార్లు పూర్తిచేశాక కూడా కావాలనిపిస్తే అప్పుడు కొనండి.

రంగు పాడైతే బాడీ పనికిరాకుండా పోయినట్టేనా?

పోయినట్టు కాదు. అక్రిలిక్ రంగులు, కొన్ని లాకర్లు గాఢమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెడితే మెత్తబడి టూత్‌బ్రష్‌కు ఊడివస్తాయి. మూత ఉన్న డబ్బాలో, నిప్పుకు దూరంగా, చేతి తొడుగులతో ఈ పని చేయాలి. కొందరు బ్రేక్ ఆయిల్ వాడతారు, కానీ వాడాక దాన్ని పారబోయడం పెద్ద సమస్య కాబట్టి నేను సూచించను. అసిటోన్, గోళ్ల రంగు తుడిచే ద్రవం మాత్రం దగ్గరికి రానివ్వకండి, అవి రంగుతోపాటు పాలీస్టైరీన్‌ను కూడా కరిగించేస్తాయి. డైకాస్ట్ లోహపు బాడీకి పెయింట్ రిమూవర్ వాడవచ్చు గాని ముందుగా అద్దాలు, బంపర్లు, ప్లాస్టిక్ అన్నీ విడదీయాలి.

క్రోమ్, డెకాల్స్ విషయంలో పొదుపు ఎలా?

కిట్‌లో వచ్చే క్రోమ్ భాగాలు మందంగా, బొమ్మ కారులా కనిపిస్తే నీళ్లు కలిపిన గృహ బ్లీచ్‌లో ఉంచితే పూత పోతుంది. ఆ బ్లీచ్‌లో మరే శుభ్రపరిచే ద్రవమూ కలపకండి, విషవాయువు పుడుతుంది. కిటికీల చుట్టూ ఉండే సన్నటి మెరుపు పట్టీకి నాణ్యమైన ఫాయిల్ షీట్ ఒక్కటి కొంటే చాలా కార్లకు వస్తుంది.

డెకాల్ వంపుల మీద సరిగా కూర్చోకపోతే నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్ కుంచెతో రాసి చూడండి. పాతబడి పసుపెక్కిన డెకాల్ షీటును పారదర్శక కవరులో పెట్టి ఎండ తగిలే కిటికీకి కొన్ని వారాలు అంటించి ఉంచితే పసుపు చాలావరకు వదిలిపోతుంది.

చవక డైకాస్ట్ కారును మెరుగుపరచవచ్చా?

తప్పకుండా. 1:64 కారు హెడ్‌లైట్లకు టూత్‌పిక్ మొనతో వెండి రంగు, వెనుక లైట్లకు ఎరుపు పెట్టి, బాగా పలచన చేసిన నల్ల రంగును తలుపు గాళ్లలోకి వదిలి మిగిలినది తుడిచేస్తే ఆ కారు రూపమే మారిపోతుంది. గంటలో అయిపోయే పని. చక్రాలు మార్చాలంటే అడుగున ఉన్న రివెట్ల తలలను డ్రిల్‌తో తొలిచి కారును విడదీయాలి, తిరిగి బిగించడానికి చిన్న స్క్రూలు వాడాలి. కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా రివెట్లు తొలవకండి.

కారు అడుగున ఉన్న సంవత్సరం అది తయారైన సంవత్సరమేనా?

చాలామంది పొరపాటు పడే చోటు ఇదే. హాట్ వీల్స్ అనే బ్రాండ్ చిన్న డైకాస్ట్ కార్ల అడుగున ముద్రించే సంవత్సరం ఆ అచ్చు కాపీరైట్‌కు సంబంధించినది. ఆ అచ్చుతో తరువాత ఎన్నేళ్లు కార్లు పోసినా అదే సంవత్సరం ఉంటుంది, కాబట్టి పాత సంవత్సరం కనిపించిందని ఎక్కువ ధర పెట్టకూడదు. ఆ బ్రాండ్ మొదటి 16 కార్లు 1968లో వచ్చాయి. తొలి ఏళ్ల కార్ల టైర్లకు ఎర్రటి గీత ఉండేది, 1977 తరువాత మామూలు కార్లకు అది కనిపించదు. 1995లో మొదలైన, తక్కువ సంఖ్యలో వచ్చే ట్రెజర్ హంట్ కార్లకోసం దుకాణాల్లో గంటలు గడిపేవారున్నారు. దొరికితే సంతోషించండి గాని వాటికోసం బడ్జెట్ కేటాయించకండి.

ప్యాకెట్ విప్పాలా, అలాగే ఉంచాలా?

అమ్మాలనుకుంటే అలాగే ఉంచండి, చూసుకోవాలనుకుంటే విప్పండి. నేను విప్పుతాను. మామూలు కార్లలో అత్యధికం ఎంత కాలం దాచినా పెద్ద ధర పలకవు.

పాత లోహపు కార్లు ఎందుకు బీటలు వారతాయి?

దీన్ని జింక్ తెగులు అంటారు. డైకాస్ట్ కార్లను జింక్, అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కలిసిన మిశ్రమలోహంతో పోస్తారు. అందులో సీసం వంటి మలినాలు కొద్దిగా చేరినా, ముఖ్యంగా తేమ తగిలే చోట, లోహం లోపలి నుంచే తినేసుకుంటూ ఉబ్బి, పగిలి, చివరికి పొడి అవుతుంది. 1934లో డింకీ టాయ్స్ పేరుతో వచ్చిన కార్లలోనూ, రెండో ప్రపంచ యుద్ధానికి ముందునాటి ఇతర బొమ్మల్లోనూ ఇది ఎక్కువగా కనిపిస్తుంది. దీనికి మందు లేదు. కాబట్టి పాత కారు కొనేముందు రంగు మీద సన్నటి బీటలు, ఉబ్బిన అంచులు, వంగిన అడుగు భాగం ఉన్నాయేమో వెలుతురులో తిప్పి చూడండి.

కార్లను ఎలా భద్రపరచాలి?

దుమ్ము, ఎండ, తేమ, ఈ మూడింటినీ దూరంగా ఉంచాలి. చాలామందికి తెలియని నాలుగోది టైర్లు. మెత్తటి వినైల్ టైర్లలోని నూనెలాంటి పదార్థం మెల్లగా బయటికి ఊరి, తాకిన పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది. కట్టని కిట్ల పెట్టెలో టైర్లను వేరే కవరులో పెట్టండి, ముఖ్యంగా అద్దాలకు తగలనివ్వకండి. టైరు ముద్ర పడిన విండ్‌షీల్డ్‌ను తిరిగి బాగుచేయడం దాదాపు అసాధ్యం.

సెకండ్ హ్యాండ్ కిట్ కొనవచ్చా?

కొనాలి. మరొకరు మొదలుపెట్టి వదిలేసిన కిట్ చౌకగా వస్తుంది. సూచనల పత్రంలోని భాగాల పట్టికతో సరిచూడండి. అద్దాలు, టైర్లు, డెకాల్స్ ఉన్నాయంటే మిగతావి ఏవో ఒక విధంగా సర్దుకోవచ్చు. జిగురు మరకలతో వికారంగా ఉన్న పాత మోడల్‌ను కూడా తోసిపుచ్చకండి, రంగు ఊడదీయడం, మిగులు భాగాలు సమకూర్చుకోవడం నేర్చుకోవడానికి అంతకంటే చౌకైన బడి లేదు.

కొనడం అదుపులో పెట్టుకోవడం ఎలా?

సేకరణకు ఒక గిరి గీసుకోండి. ఒకే తయారీదారు కార్లు, ఒకే దశాబ్దపు ర్యాలీ కార్లు, లేదా మీ కుటుంబం వాడిన కార్లు, ఏదైనా సరే. గిరి ఉంటే దుకాణంలో కనిపించిన వాటిలో నూటికి తొంభై వంతులు వాటంతటవే తప్పుకుంటాయి. ఉన్నవాటి జాబితా జేబులో ఉంచుకోండి, ఒకే కారు రెండుసార్లు కొనే పొరపాటు ఆగుతుంది. కిట్ల విషయంలో నా నియమం ఒక్కటే: ఒకటి పూర్తయితేనే మరొకటి.

సగంలో ఆగిపోయిన కిట్లను ఏం చేయాలి?

ముందుగా ఎక్కడ ఆగిందో ఒక చీటీ మీద రాసి పెట్టె మూతకు లోపల అంటించండి. చాలాసార్లు ఆపింది ఒకే ఒక్క చిన్న విషయం అయి ఉంటుంది. నా దగ్గర ఆరేళ్లు పెట్టెలో ఉండిపోయిన ఒక నీలం రంగు కూపే (రెండు తలుపుల కారు) ఉంది. దానికి వెనక వచ్చే బండ్లను చూసే సైడ్ మిర్రర్లలో ఎడమవైపుది పోయింది, దొరికితే కడదామని పక్కన పెట్టాను. ఒక సాయంత్రం దాని చట్రం నుంచే మందపాటి ముక్క కోసి, కుడివైపు మిర్రర్‌ను ఎదురుగా పెట్టుకుని అదే ఆకారం వచ్చేదాకా రుద్దాను. మూడుసార్లు చెడింది, నాలుగోసారి కుదిరింది. దానికి నీలం రంగు పూసి అంటించి, రాత్రి పడుకునేలోపు ఆ కారును అరలో పెట్టాను.